డిజిటల్ బోర్డుకు సుద్దపొడి బెడద

సంపాదకులకు నమస్కారం.

ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లోని ఇంటరాక్టివ్ ప్యానెళ్లపై, అంటే వేలితో తాకి రాసే డిజిటల్ బోర్డులపై, తరచూ వినిపించే ఫిర్యాదు ఒకటుంది: వేలు ఒకచోట పెడితే గీత ఇంకోచోట పడుతోందని. పాడైందనుకొని గుడ్డ కప్పేస్తారు. ఇలాంటి ప్యానెళ్లలో చాలావాటికి ఫ్రేములోంచి కంటికి కనబడని పరారుణ కిరణాలు అడ్డంగా, నిలువుగా సాగుతుంటాయి. వేలు వాటికి అడ్డుపడిన చోటే గీత పడుతుంది. ఫ్రేము లోపలి అంచున పేరుకున్న సుద్దపొడి కూడా అలాగే అడ్డుపడుతుంది. స్విచ్ ఆపి, పొడిగా ఉన్న మెత్తటి గుడ్డతో నాలుగంచులూ తుడిస్తే చాలాసార్లు బాగవుతుంది. నీళ్లు మాత్రం చల్లకూడదు. నల్లబల్లను ప్యానెల్‌కు దూరంగా పెడితే మరీ మంచిది.

ప్యానెల్‌పై వీడియో వేసి వదిలేస్తే పిల్లలు చూస్తారే గానీ నేర్చుకోరు. ఉచితంగా దొరికే జియోజీబ్రా అనే గణిత సాఫ్ట్‌వేర్‌లో త్రిభుజం గీసి, ఒక శీర్షాన్ని పిల్లవాడి చేత లాగించండి. కోణాలు మారుతుంటాయి, మొత్తం 180 డిగ్రీలే. ఒక్కోసారి తెరమీది అంకెలు కూడితే 179.99 వస్తుంది. రెండు దశాంశ స్థానాలకు సవరించి చూపడం వల్ల వచ్చే తేడా అది. ‘ఎందుకొచ్చింది?’ అని అక్కడే ఆగి అడగాలి. ఆ రోజు అసలు పాఠం అదే!

కేంద్ర ప్రభుత్వ విద్యా యాప్ దీక్షాలోని పాఠాలను ముందురోజే డౌన్‌లోడ్ చేసుకోవాలి, తరగతిలో నెట్‌ను నమ్ముకోలేం. ఉపాధ్యాయ శిక్షణలో ఈ పనులు చేతులతో చేయించాలని విద్యాశాఖను కోరుతున్నాం.

– కొందరు గణిత ఉపాధ్యాయులు