వెనుక టైర్లు చూశాను, మాధవీ

నంద్యాల,
ఆదివారం సాయంత్రం.

చిరంజీవి మాధవికి, నాన్న ఆశీర్వదించి వ్రాయునది.

ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ జపానులో నీ క్షేమం తెలియజేయమని రాయడం ఉత్తరాలలో ఆనవాయితీయే అయినా, ఈసారి నేను ఆనవాయితీకి రాయడం లేదు. మూడు ఆదివారాలుగా ఫోనులో నీ ముఖం కనబడలేదు. “ఓవర్‌టైమ్ నాన్నా” అన్న రెండు ముక్కలూ, ఒక బొటనవేలి బొమ్మా మాత్రం వచ్చాయి. మీ అమ్మ బెండకాయలు తరుగుతూ కూడా ఫోను పక్కనే పెట్టుకుంటోంది. సరే, అది అలా ఉండనీ. వేరే సంగతులు రాద్దామనే కూర్చున్నాను.

పదిహేను రోజుల కిందట చంటి వచ్చి, నీ స్నేహితురాలు ఎవరో పెట్టిన ఫోటో చూపించాడు. వెనుక కొండ ఎంత బాగుందో చూడు పెదనాన్నా అన్నాడు. కొండ బాగానే ఉంది. నేను చూసింది నీవు చెయ్యి ఆనించి నిలబడ్డ ఆ పాత రెండు తలుపుల కారును. ఐటీఐలో 31 సంవత్సరాలు మోటారు మెకానిక్ పిల్లలకు పాఠం చెప్పినవాడికి ఒక్క ఫోటో చాలు. ముందు టైర్లు కొత్తవి, గాళ్ళు లోతుగా ఉన్నాయి. వెనుకవి మాత్రం తిరుపతి వెళ్ళి వచ్చినట్లు నున్నగా ఉన్నాయి. వెనుక మడ్‌గార్డు అంచున కొబ్బరి కోరినట్లు నల్లటి రబ్బరు తురుము అంటుకుని ఉంది. కూరగాయలు తెచ్చుకునే బండికి అలా అంటదమ్మా.

విషయం తెలుసుకోకుండా కేకలు వేసే తండ్రిని అనిపించుకోకూడదని, ఆనాటి నుంచి మలుపుల్లో బండిని కావాలనే అడ్డంగా జారించే ఆ డ్రిఫ్టింగు విద్య పుట్టుపూర్వోత్తరాలు చదువుతున్నాను. తకహాషి కునిమిత్సు అనే ఆయన మొదట మోటారుసైకిలు వీరుడట. 1961లో జర్మనీలోని హాకెన్‌హైమ్‌లో గెలిచి, ప్రపంచ స్థాయి మోటారుసైకిలు పందెం నెగ్గిన మొదటి జపనీయుడయ్యాడు. మరుసటి సంవత్సరమే ఐల్ ఆఫ్ మ్యాన్‌లో పడి తీవ్రంగా గాయపడ్డాడు (ఈ వాక్యం నీవు రెండుసార్లు చదవాలి). తరువాత కార్లకు మారి, 1970లలో మలుపులోకి వేగంగా వచ్చి, బండి వెనుక భాగాన్ని కావాలనే జారనిచ్చి, ఆ జారుడులోనే ముక్కును దారికి తిప్పుకుని బయటపడేవాడు. వేగం తగ్గకుండా మలుపు దాటాలన్నదే ఆయన ఉద్దేశం. చూసేవాళ్ళకు మాత్రం లేచిన పొగే ముఖ్యమైపోయింది.

అలా చూసి పరవశించినవారిలో నాగానో కుర్రవాడు త్సుచియ కేయిచి ఒకడు. మీ గున్మా ప్రాంతపు సరిహద్దులోని ఉసుయి కనుమ వంటి కొండదారులే అతని బడి. అతను పేరు తెచ్చిన హచిరోకు, అంటే ‘ఎనిమిది ఆరు’, 1983 నుంచి 1987 వరకు టొయోటా చేసిన ఏఈ86. తక్కిన కరోలాలు ముందు చక్రాలకు మారిపోతుంటే, ఇది వెనుక చక్రాలతో తోసుకుపోయే పాత పద్ధతిలో మిగిలింది, ఇంజను 1.6 లీటర్లే, బరువూ తక్కువే. పేద కుర్రాళ్ళకు అందే ధరలో దొరికింది కనుకనే ఈ కళ పెరిగిందని నా అభిప్రాయం. 1987లో కొండదారిలో తాను చేసిన విన్యాసాలను వీడియోగా తెచ్చినందుకు త్సుచియ లైసెన్సు కొంతకాలం పోయింది. అయినా 1995లో ఫ్రాన్సులోని ల మాన్ 24 గంటల పందెంలో గురువు తకహాషితో కలిసి ఒకే హోండా ఎన్‌ఎస్‌ఎక్స్ నడిపి, తమ తరగతిలో గెలిచాడు. గురుశిష్యులు ఒకే స్టీరింగు పట్టుకున్నారని చదివినప్పుడు, నిజం చెప్పాలంటే, నాకు కళ్ళు చెమర్చాయి. అయితే లైసెన్సు పోయిన మాట కూడా గుర్తుంచుకో. నీది పరాయి దేశపు వీసా.

నవ్వుకోవలసినవీ చాలా ఉన్నాయి. ముందు బంపరును జానెడు బయటికి పొడిగిస్తే దాన్ని ‘దెప్పా’ అంటారట, అంటే ఎత్తుపళ్ళు. ఆకాశంలోకి లేచిన సైలెన్సరు గొట్టాలకు ‘తకెయారి’, వెదురు బల్లెం అని పేరు. బండి నిండా కార్టూను అమ్మాయిల బొమ్మలు అంటిస్తే అది ‘ఇతాషా’. చూసేవాడికి నొప్పి పుట్టించే బండి అని అర్థమట. మన లారీల మీది నెమళ్ళనూ నిమ్మకాయలనూ చూసి పెరిగినదానివి, నీకు నొప్పి పుట్టి ఉండదు. సొట్టలు పడి, ఇంకెవరిని గుద్దినా బాధ లేని బండిని ‘మిసైల్’ అంటారని చదివి నేను నవ్వాను. తరువాత ఫోటోలో నీ బండి ఎడమ తలుపుకు అంటించిన టేపు గుర్తొచ్చి నవ్వు ఆపేశాను.

మీ హరునా కొండను చూసి గీసిన ఒక బొమ్మల కథలో, టోఫూ చేర్చే కుర్రవాడు కప్పులో నీళ్ళు ఒలకకుండా ఘాటు దిగుతాడట. అది చదవగానే నాకు 1994 మే నెల, దోర్నాల ఘాటు గుర్తొచ్చాయి. ప్రాజెక్టులో పనిచేస్తున్న మీ బాబాయికి కొత్త ఆవకాయ ఇవ్వడానికి, పెద్ద మామయ్య అంబాసిడరులో శ్రీశైలం బయలుదేరాము. మీ అమ్మ ముందు సీట్లో, నీవు ఆమె కడుపులో ఐదో నెల. వెనుక మీ అమ్మమ్మ, ఒడిలో వాసెన కట్టిన జాడీ. శిఖరం ఇంకా కొంత దూరం ఉందనగా ఆ ఏటి మొదటి వాన పడింది. వేసవంతా రోడ్డు మీద పేరుకున్న దుమ్మూ, నూనె జిడ్డూ తొలి చినుకులకు సబ్బు నురగలా అవుతాయి. ఎడమ మలుపులో నేను యాక్సిలరేటరు కాస్త ఎక్కువ తొక్కాను, తప్పు నాదే. బండి వెనుక భాగం కుడికి, లోయ వైపుకు జారిపోయింది. బ్రేకు తొక్కవద్దని పిల్లలకు చెప్పే పాఠం కాలికి ఎలా గుర్తొచ్చిందో తెలియదు. స్టీరింగును జారుతున్న వైపుకే తిప్పి పట్టుకున్నాను. బండి అడ్డంగానే ఆ మలుపంతా దాటి, నెమ్మదిగా తిన్నగా అయింది. ఎవరూ అరవలేదు. చాలాసేపటికి అమ్మమ్మ, “నాయనా, జాడీ ఒలికింది,” అంది. ఆ గద్వాల చీర మీది నూనె మరక ఎన్ని ఉతుకులకూ పోలేదు. చీర ఇప్పటికీ బీరువా అడుగున ఉంది.

ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పనిది ఒకటి రాస్తున్నాను. బండి అడ్డంగా వెళ్ళిన ఆ రెండు క్షణాలూ నాకు భయం వేయలేదు. చాలా బాగుంది. శిఖరం దగ్గర దిగి నువ్వులు చల్లేటప్పుడు మాత్రం చేతులు వణికాయి. ఇందుకే నీ సంగతి చంటి అనుకుంటున్నంత తేలిగ్గా తీసుకోలేకపోతున్నాను.

హరునా మలుపుల్లో మీలాంటివాళ్ళ కోసమే రోడ్డు మీద మిట్టలు కట్టారని చదివాను. ఎదురుగా ఏ ముసలాయన చిన్న వ్యానులో ముల్లంగి వేసుకుని వస్తాడో ఎవరికి తెలుసు? త్సుచియ కూడా కొండ దిగి, 2000లో ఇనాద దాయిజిరోతో కలిసి డీ1 అనే డ్రిఫ్టు పోటీలు పెట్టించాడు. మొదటిది ఫుకుషిమాలోని ఎబిసు సర్క్యూట్‌లో జరిగింది. పక్కనే సఫారీ పార్కు, సింహాలు కూడా ఉన్నాయట. కవబత మసతో అనే ఆయన 2016లో గంటకు 304.96 కిలోమీటర్ల వేగంతో డ్రిఫ్టు చేసి గిన్నిస్ రికార్డు సాధించింది యూఏఈలోని ఫుజైరా విమానాశ్రయంలో, కొండదారిలో కాదు. నీకు అంతగా మనసైతే ఎబిసుకే వెళ్ళు. హెల్మెట్టు, మెడకు పట్టీ, పక్కన ఒక మనిషి ఉండాలి. టైర్ల డబ్బు నేను పంపుతాను. అమ్మకు ‘కోర్సు ఫీజు’ అని చెబుతాను.

శారద కొడుకు వచ్చే నెల 4న తోక్యో వస్తున్నాడు. అతనితో ఆవకాయ, కంది పొడి, నీ పాత స్వెట్టరు పంపుతున్నాము. ఆవకాయ ప్లాస్టిక్ డబ్బాలో పోసి, మూతకు రెండు చుట్లు టేపు వేశాను. కారులో పెట్టి తిప్పకు.

ఇక ఒక్క సంగతి విడిగా చీటీ మీద రాసి పంపు, ఫోనులో అమ్మ వింటుంది. మలుపుల్లో రెండు వెనుక చక్రాలనూ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే డిఫరెన్షియల్‌కు వెల్డింగు చేయించావా, లేక ఆ తేడాను అదుపులో ఉంచే లిమిటెడ్ స్లిప్ బిగించారా? వెల్డింగు అయితే ఇరుకు సందుల్లో తిరిగేటప్పుడు వెనుక చక్రం గెంతుతుంది, యాక్సిల్ షాఫ్టు మీద బరువు పడుతుంది. క్లచ్ తన్నినప్పుడు కాలిన వాసన వస్తోందా? వెనుక ఎడమ టైరును దగ్గర నుంచి ఫోటో తీసి పంపు. లోపలి అంచు కనబడాలి.

ఆశీస్సులతో,
నాన్న