యాభై దాటితే రక్తం లెక్కలోకి రాదా?

ఎడిటర్ గారికి నమస్కారం,

రక్తహీనత అనగానే పేపర్లలో గర్భిణీలు, బడిపిల్లల గురించే వస్తుంది. రావాల్సిందే, కాదనను. కానీ అరవై దాటినవాళ్ళ ఊసే ఉండదు. ఇంట్లోనూ అంతే, పెద్దాయన నాలుగు మెట్లెక్కి ఆయాసపడితే వయసైపోయింది కదా అనేస్తాం, కొందరు డాక్టర్లు కూడా అదే మాట అని ఒక టానిక్ రాసి పంపించేస్తున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం హిమోగ్లోబిన్ మగవాళ్ళకి 13, ఆడవాళ్ళకి 12 గ్రాముల కంటే తక్కువుంటే రక్తహీనతే, డెబ్భై ఏళ్ళవాళ్ళకని అందులో వేరే డిస్కౌంట్ ఏమీ లేదు.

నేను ల్యాబ్ టెక్నీషియన్‌గా చేసి రిటైరయ్యాను. రిపోర్ట్ చేతికి రాగానే కౌంటర్ దగ్గరే "రక్తం ఎంతుంది బాబూ" అని అడుగుతారు, తొమ్మిదుంది అంటే కాయితం మడిచి జేబులో పెట్టుకుని బీట్‌రూట్, దానిమ్మకాయలు కొనడానికి పోతారు. అదే సీబీపీ, అంటే రక్తకణాల పూర్తి పరీక్ష రిపోర్టులో కాస్త కింద ఎంసీవీ అని, ఎర్ర కణాల సగటు సైజు చెప్పే ఒక లైనుంటుంది, దాన్నెవరూ చూడరు. అది 80 కంటే తక్కువైతే ఎర్ర కణాలు చిన్నవైపోయాయని, ఎక్కువమందిలో ఐరన్ లేకే అలా అవుతుంది. 100 దాటితే కణాలు ఉబ్బాయని, అప్పుడు బీ12, ఫోలిక్ యాసిడ్ చూడాలి. రెండు రకాల లోపాలూ ఉన్నవాళ్ళకి ఈ నంబర్ నార్మల్‌గా వచ్చి మోసం చేస్తుంది, రక్తం చుక్కతో స్లైడ్ వేసి మైక్రోస్కోప్‌లో చూడాల్సిందే. బీ12 లేని మనిషి స్లైడ్‌లో, మామూలుగా మూడు నాలుగు ముక్కలుండే తెల్ల కణం న్యూక్లియస్ అయిదారు ముక్కలై కనిపిస్తుంది, పక్కన ఎర్ర కణాలు కోడిగుడ్డు షేపులో పెద్దగా ఉంటాయి.

వయసుతో పొట్టలో యాసిడ్ తగ్గి తిండిలోని బీ12 సరిగా ఒంటికి పట్టదు. దానికి తోడు షుగర్‌కి ఏళ్ళ తరబడి మెట్‌ఫార్మిన్, గ్యాస్‌కని రోజూ పరగడుపున పాంటాప్, రెండూ బీ12ని తగ్గించేవే. శాకాహారులైతే ఇంకా కష్టం, ఆకుకూరల్లో అది ఉండదు, పాలు పెరుగులోనే కాస్త దొరుకుతుంది. అరికాళ్ళ మంటలు, తిమ్మిర్లు, నడకలో తూలడం, మతిమరుపు, అన్నీ షుగర్ మీదకో వయసు మీదకో నెట్టేస్తాం. ఇక్కడ ఇంకో ప్రమాదముంది. ఫోలిక్ యాసిడ్‌ని తయారుచేసిన అమెరికా మందుల కంపెనీ లెడర్లీ టీమ్‌ని నడిపించింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారే, ఆ మందు గొప్పదే, కానీ బీ12 లేని మనిషికి ఉత్త ఫోలిక్ యాసిడ్ ఇస్తే రక్తం పెరుగుతుంది, నరాలు మాత్రం లోపల దెబ్బతింటూనే ఉంటాయి.

ఐరన్ తక్కువని తేలితే మాత్రలిచ్చి ఊరుకోకూడదు. మగవాళ్ళకి, నెలసరి ఆగిపోయిన ఆడవాళ్ళకి ఐరన్ తగ్గిందంటే రక్తం ఎక్కడో పోతోందేమో వెతకాలి. మోకాళ్ళ నొప్పులకని మెడికల్ షాపులో అడిగి కొనుక్కునే పెయిన్ కిల్లర్లు, గుండెకి వాడే యాస్పిరిన్, అల్సర్, మొలలు, పేగు క్యాన్సర్, ఏదైనా కావచ్చు. మోషన్ నల్లగా వస్తోందా అని ముందే అడగాలి, మాత్రలు మొదలుపెట్టాక వాటివల్ల కూడా నల్లగానే వస్తుంది కాబట్టి ఇక తేడా తెలీదు. కిడ్నీలు దెబ్బతిన్నా రక్తం తగ్గుతుంది, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ టెస్టు చూడకుండా టానిక్ తాగిస్తే ఏం లాభం?

ఇక ఊళ్ళల్లో బలానికని పసుపు రంగు సెలైన్, బీ కాంప్లెక్స్ సూది. ఆ సూదేయించుకున్న వారానికి టెస్టుకొస్తే బీ12 నార్మల్ అనే వస్తుంది, లోపం దాక్కుండిపోతుంది, ముందు రక్తం తీయించుకుని తర్వాత వేయించుకోండి. అసలు మందులు పెద్ద ఖరీదేం కాదు. ఐరన్ రోజూ పడకపోతే రోజు విడిచి రోజు వేసుకున్నా పనిచేస్తుంది, టీ కాఫీలకి, క్యాల్షియం మాత్రకి దూరంగా వేసుకోవాలి, రక్తం నార్మల్‌కొచ్చాక కూడా ఓ మూడు నెలలు ఆపకూడదు. బీ12కి నరాల ఇబ్బంది ఉంటే ఇంజెక్షన్లు, లేకపోతే చాలామందికి రోజూ 1000 మైక్రోగ్రాముల మాత్ర సరిపోతుంది.

రక్తహీనత తగ్గించడానికని 2018లో మొదలైన కేంద్ర ప్రభుత్వ పథకం అనీమియా ముక్త్ భారత్‌లో చంటిపిల్లల నుంచి బాలింతల దాకా ఆరు వర్గాలున్నాయి, పెద్దవాళ్ళు లేరు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్-5లో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతం మందికి రక్తహీనత అన్నారు, యాభై దాటిన ఆడవాళ్ళకి బీపీ, షుగర్ చూశారు గానీ హిమోగ్లోబిన్ చూడలేదు. యాభయ్యో పుట్టినరోజుకి రక్తం దానంతటదే పట్టేస్తుందా? కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు రెండిటినీ అడిగేది ఇదే, బీపీ షుగర్ చెకప్‌కొచ్చే అరవై దాటినవాళ్ళకి ఏడాదికోసారి సీబీపీ చేయించండి, మెట్‌ఫార్మిన్ వాడేవాళ్ళకి బీ12 కూడా కలపండి, పీహెచ్‌సీలో బీ12 మాత్రలు ఎప్పుడూ స్టాకుండేలా చూడండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ల్యాబ్ టెక్నీషియన్, తణుకు