జోంగా టాప్‌కు వెల్డింగ్ వద్దు

అయ్యా,

ఆర్మీ వేలంలో జోంగాలు, అంటే పాత మిలిటరీ జీపులు, కొన్నవాళ్లు కాన్వాస్ తీసేసి ఇనుప టాప్ వేయిస్తున్నారు. మన ఎండావానలకు అది అవసరమే. కానీ బాడీకి నేరుగా వెల్డింగ్ కొట్టించడం చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. జబల్‌పూర్‌లో 1999 దాకా తయారైన బండి అది, మళ్లీ రాదు. గతుకుల్లో కమాన్ పట్టీల మీద బాడీ మెలి తిరుగుతుంది, అతుకు పక్కనే రేకు చీలుతుంది. ఆ చీలికలోంచి నీళ్లు దిగి లోలోపల తుప్పు పడుతుంది. రబ్బరు ప్యాకింగ్ పెట్టి బోల్టులతో బిగించండి. బరువంతా ముందు అద్దం ఫ్రేము మీద మోపకండి, అది మడిచేందుకు చేసింది. బండిలో మార్పుల గురించి మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఉంది కాబట్టి ముందే ఆర్టీవో ఆఫీసులో అడగండి. కాన్వాస్ కమ్మీలు మాత్రం దయచేసి పాతసామానుకు అమ్మొద్దు.

— ఒక విశ్రాంత ఈఎంఈ (ఆర్మీ మరమ్మతుల విభాగం) మెకానిక్, తిరుమలగిరి, సికింద్రాబాద్