వీసాకు ప్రార్థించే ముందు ఏజెంటు ఎవరో అడగండి

సంపాదకులకు,

అయ్యా,

కదిరి, రాయచోటి ప్రాంతాల మహిళలను పని ఇప్పిస్తామని నమ్మించి పుణె, ముంబయి, ఢిల్లీ వ్యభిచార గృహాలకు అమ్మేయడం గురించీ, కువైట్‌కు ఇంటిపనికని వెళ్లి చిక్కుకుపోయినవారి గురించీ ఏళ్ల తరబడి చదువుతూనే ఉన్నాం. ఈ విషయంలో మా క్రైస్తవ సంఘాలు చేయవలసినదేమిటో మాలో మేమే మాట్లాడుకోవచ్చు గానీ, నలుగురూ చదివేచోట రాస్తేనే కదలిక వస్తుందని ఈ ఉత్తరం రాస్తున్నాను.

క్రైస్తవులు ఏమీ చేయలేదనడం సరికాదు. 1896-97 కరువులో దిక్కులేని వందలాది ఆడపిల్లలను క్రైస్తవ సంఘసంస్కర్త పండిత రమాబాయి పుణె దగ్గరి కేడ్‌గావ్‌లో చేరదీసి, తిండి పెట్టడంతో ఆగక చేతిపనులు కూడా నేర్పించారు. మన సీమ ఆడపిల్లలు అమ్ముడుపోతున్నది ఆ పుణెలోనే కావడం విచారకరం. 1996లో సునీతా కృష్ణన్‌తో కలిసి హైదరాబాద్‌లో, అక్రమ రవాణా బాధితులను కాపాడే ప్రజ్వల సంస్థను ప్రారంభించిన జోస్ వెట్టికటిల్ కథోలిక బ్రదర్, అంటే మఠ సభ్యుడు. సూడాన్‌లో చిన్నతనంలోనే బానిసగా అమ్ముడుపోయి, తరువాత ఇటలీలో కన్యాస్త్రీ అయిన పునీత బకిత పండుగ ఫిబ్రవరి 8. ఆ రోజును 2015 నుంచి కథోలిక సంఘం మనుషుల అక్రమ రవాణాకు వ్యతిరేకంగా ప్రార్థన దినంగా పాటిస్తోంది.

అయితే మనిషి అమ్ముడుపోకముందే ఆపగలిగే అవకాశం మన ఆరాధనలోనే ఉంది. ఆదివారం ఆరాధన ముగిశాక పాస్‌పోర్టు, వీసా కాగితం ఒక ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని ఒక తల్లి ముందుకు వస్తుంది. పాస్టరుగారు వాటిమీద చెయ్యి ఉంచి ప్రార్థిస్తారు, కృతజ్ఞత కానుక అందుతుంది. అది ఖద్దామా (ఇంటిపని) వీసానా, విజిట్ వీసానా, ఏజెంటుకు లైసెన్సు ఉందా, అతనికి కట్టిన డబ్బు ఏ వడ్డీకి తెచ్చింది అని అడిగేవారు ఉండరు. పదో తరగతి పాసు కాని మహిళ కువైట్‌లో ఇంటిపనికి వెళ్లాలంటే 30 ఏళ్లు నిండాలనీ, ప్రభుత్వం అనుమతించిన సంస్థ ద్వారా, విదేశీ ఉద్యోగాలకు వెళ్లేవారి కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో నమోదై వెళ్లాలనీ నిబంధన ఉంది. ప్రకటనల సమయంలో ఈ నాలుగు మాటలు చెబితే ఆరాధనకు వచ్చే లోటేమీ లేదు. గల్ఫ్‌కు వెళ్లేవారంతా మోసపోతున్నారని నేననడం లేదు; ఆ సంపాదనతో ఇల్లు కట్టుకున్నవారు, పిల్లలను చదివించుకున్నవారు మా వీధిలోనే ఉన్నారు. కానీ ఏజెంటు తరఫున మాట్లాడేది తరచుగా బంధువో, సాటి విశ్వాసో కావడం వల్లనే మనవాళ్లు నోరు మెదపరని నా అనుమానం. బైబిలులో యోసేపును 20 తులాల వెండికి అమ్మింది సొంత అన్నలే. పౌలు తిమోతికి రాసిన మొదటి పత్రికలో మనుష్య చోరులను, అంటే మనుషులను ఎత్తుకెళ్లి అమ్మేవారిని, నరహంతకుల వరుసలోనే నిలబెట్టాడు. ఆ వాక్యం మీద ప్రసంగం విన్న గుర్తు నాకైతే లేదు.

తిరిగి వచ్చిన స్త్రీ పట్ల మన తీరు మరీ అన్యాయం. ‘ఇష్టపడే పోయింది కదా’ అంటారు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 143వ సెక్షన్ ప్రకారం అక్రమ రవాణా నేరంలో బాధితురాలి సమ్మతికి విలువ లేదు; అంతకుముందు శిక్షాస్మృతి 370వ సెక్షన్ చెప్పిందీ అదే. చట్టానికి ఉన్న ఈపాటి దయ సంఘానికి లేకపోవడం సిగ్గుచేటు. ఆమెను నిలబెట్టి మారుమనస్సు సాక్ష్యం చెప్పించాలని చూడటం ఎంతమాత్రం తగదు, ఎందుకంటే పశ్చాత్తాపపడవలసినవాడు అమ్మినవాడు.

ఆమెకు కావలసినవి వేరే. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో నష్టపరిహారానికి దరఖాస్తు పెట్టించాలి, పోగొట్టుకున్న ఆధార్, రేషన్ కార్డులు మళ్లీ తీయించాలి, పోలీస్ స్టేషన్‌కు వెంట వెళ్లాలి. ప్రతి పాస్టరేటులోని (ఒక పాస్టరు కింద ఉండే సంఘాలలోని) స్త్రీల మైత్రి అనే మహిళా బృందం తన ఇద్దరు ముగ్గురు సభ్యురాళ్లకు ఈ పని అప్పగించవచ్చు. కేసు పుణెలో నడిస్తే, సాక్ష్యం చెప్పడానికి కూలి మానుకుని అంత దూరం వెళ్లలేకనే చాలామంది వెనక్కి తగ్గుతారు. కోతపండుగకు విశ్వాసులు తెచ్చే కానుకల వేలంలో వచ్చే సొమ్ములో కొంత వారి రైలు ఛార్జీలకు, తోడు వెళ్లేవారి ఖర్చులకు కేటాయించాలని కడప, అనంతపురం, కర్నూలు జిల్లాల పాస్టరేటు కమిటీలను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక సంఘ సభ్యురాలు,
కడప.