లూప్‌లో మూడుసార్లూ 3 ఎందుకొచ్చింది

చిన్నీ,

నువ్వు పంపిన జావాస్క్రిప్ట్ కోడ్ చూశాను. ఫర్ లూప్‌లో ఐ అనే వేరియబుల్ 0 నుంచి 2 దాకా వెళ్తుంటే, సెట్‌టైమౌట్ (ఇచ్చిన ఫంక్షన్‌ని కాసేపాగి నడిపేది) మాత్రం మూడుసార్లూ 3 అనే ప్రింట్ చేస్తోంది కదా. సెట్‌టైమౌట్‌ని తిట్టుకోకు, దాని తప్పేం లేదు. ఆలస్యం 0 మిల్లీసెకన్లు పెట్టినా అదే జవాబొస్తుంది, కావాలంటే చూడు.

ఐని వార్‌తో, అంటే వేరియబుల్‌ని ప్రకటించే పాత పదంతో, డిక్లేర్ చేశావు. వార్ ఫ్లవర్ బ్రాకెట్లను లెక్కచేయదు, దాని హద్దు ఫంక్షనే. లూప్ ఎన్నిసార్లు తిరిగినా ఐ ఒక్కటే ఉంటుంది. సెట్‌టైమౌట్‌కి నువ్విచ్చిన మూడు ఫంక్షన్లూ ఆ ఒక్కదాన్నే పట్టుకుని కూర్చున్నాయి. వాటి వంతు వచ్చేది లూప్ అయిపోయాకే. అప్పటికి ఐ 3కి చేరి, షరతు తప్పి, లూప్ ఆగింది. వార్ తీసేసి లెట్ పెట్టు, ఇంకేమీ మార్చకు. 0, 1, 2 వస్తాయి. లెట్‌తో ప్రతి చుట్టుకీ కొత్త ఐ పుడుతుంది, ఏ ఫంక్షన్‌కి దాని ఐ దానిదే. 2015లో లెట్ రాకముందు ఇదే పనికి లూప్ లోపల ఇంకో ఫంక్షన్ రాసి అక్కడికక్కడే పిలిచేవాళ్ళం. చూడ్డానికే చిరాకు.

ఇక హోయిస్టింగ్. డిక్లరేషన్లు పైకెళ్ళిపోతాయని చెప్తుంటారు గానీ నాకా మాట నచ్చదు. ఏ లైనూ కదలదు. ఫంక్షన్ నడవడానికి ముందే ఇంజిన్ పేర్లన్నీ నమోదు చేసుకుంటుంది, అంతే. వార్‌కి అప్పుడే అన్‌డిఫైన్డ్ (ఇంకా విలువ లేదనే గుర్తు) ఇచ్చేస్తుంది కాబట్టి, డిక్లరేషన్‌కి ముందు వాడినా కిక్కురుమనదు. లెట్‌తోనో, కాన్‌స్ట్ అనే ఇంకో పదంతోనో డిక్లేర్ చేసిన పేర్లూ నమోదవుతాయి, కానీ డిక్లరేషన్ లైను నడిచేదాకా ముట్టుకుంటే రెఫరెన్స్ ఎర్రరే. ఆ మధ్య సమయానికి టెంపోరల్ డెడ్ జోన్ అని భయపెట్టే పేరొకటి. ఆ ఎర్రర్‌కి విసుక్కోకు. అన్‌డిఫైన్డ్ నాలుగు ఫంక్షన్లు దాటి ఎక్కడో బయటపడటం కంటే ఇదే నయం.

కాన్‌స్ట్ పనిచేయట్లేదన్నావు, పనిచేస్తూనే ఉంది. ఆ పేరుకి మళ్ళీ వేరే విలువ ఇవ్వనివ్వదు, అంతవరకే దాని పూచీ. ఆ పేరున్న ఎర్రేకి (విలువల జాబితాకి) పుష్ చేస్తే కొత్త విలువ చక్కగా చేరుతుంది. లోపలిదీ మారకూడదంటే ఆబ్జెక్ట్ ఫ్రీజ్ ఉంది, అదీ పై పొర వరకే.

నేనైతే ముందు కాన్‌స్ట్ రాస్తాను, విలువ మార్చాల్సివస్తేనే లెట్. అలాగని ఆ పాత ఫైల్లో వార్‌లన్నీ ఒక్క దెబ్బకి లెట్ చేసేయకు. ఇఫ్ లోపల డిక్లేర్ చేసి బయట వాడుకున్న చోట్లుంటాయి, అక్కడ ఎర్రరొస్తుంది. ఒకే పేరు రెండుసార్లు డిక్లేర్ చేసినా వార్ ఊరుకుంటుంది, లెట్ అయితే ఫైలునే నడవనివ్వదు. ఒక్కో ఫంక్షన్ చూసుకుంటూ మార్చి నాకు పంపు.

అమ్మ