స్టేడియం వెనక నుంచి నాన్నగారికి

కార్డిఫ్,
ఆదివారం.

నాన్నగారికి నమస్కారాలు. నేనిక్కడ క్షేమం. మీరు, అమ్మ, తమ్ముడు కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఈ దసరాకి కూడా సత్యనారాయణపురం పందిరి మైక్ సెట్ మనదేనని తమ్ముడు చెప్పాడు. "ఇంతకీ అక్కడ నువ్వు చేసే పనేమిట్రా" అని మొన్న మీరడిగితే ఫోన్లో సరిగ్గా చెప్పలేకపోయాను. అందుకే ఈ ఉత్తరం.

ఏ గాయని టూరో పేరు రాయకూడదు, కాంట్రాక్టు అలాంటిది. పని మాత్రం మన పనే. మేం వచ్చేసరికే స్టేడియంలో స్టేజి ఇనుము లేచి ఉంటుంది. ఒక ఊళ్లో షో నడుస్తుంటే తర్వాతి ఊళ్లో ఇంకో ఇనుప సెట్టు బిగిస్తుంటారు. యూటూ అనే బ్యాండు 2009 నుంచి 2011 దాకా చేసిన టూర్‌కి అలాంటివి మూడు తిప్పారు. రిగ్గర్లు, అంటే బరువులు పైన వేలాడదీసేవాళ్లు, ముందు నేలమీద సుద్దతో గుర్తులు పెడతారు. ఆ గుర్తుకి సరిగ్గా పైన, బరువుల్ని గొలుసుతో పైకి లాగే చెయిన్ మోటారు వేలాడాలి. స్పీకర్లని ఒకదాని కింద ఒకటి తగిలిస్తూ పైకి లాగుతాం. రాత్రి ఆఖరి పాటయ్యి జనం ఇంకా మెట్లు దిగుతుండగానే విప్పడం మొదలు. రేపు ముందు కావలసిన పెట్టె ఇవాళ లారీలో చివర ఎక్కాలి. తర్వాత బస్సులో అరల్లాంటి పడకల మీద నిద్ర.

వంటవాళ్లు కూడా మాతోనే తిరుగుతారు. లారీ డ్రైవరుకీ, కరెంటు పనివాడికీ, నాకూ వేళకి వేడి భోజనం. పెళ్లిళ్లలో అందరి భోజనాలూ అయ్యాక మీరు చల్లారిన అన్నం తినడం చూస్తూ పెరిగాను కాబట్టి, ఇది నాకు చాలా పెద్ద విషయం. 2023లో టేలర్ స్విఫ్ట్ అనే గాయని తన టూర్ లారీ డ్రైవర్లకి తలా లక్ష డాలర్లు బోనస్ ఇచ్చింది. తెర వెనక మనుషుల్ని అలా చూసుకోవాలి.

నా సొంత పని ఆలస్యం లెక్క. శబ్దం సెకనుకి సుమారు 340 మీటర్లే పోతుంది. స్టేజికి 70 మీటర్ల దూరంలో ఇంకో స్పీకర్ల టవర్ ఉంటే, తీగలో పాట అక్కడికి క్షణంలో చేరుతుంది, స్టేజి నుంచి గాలిలో వచ్చే పాటకి మాత్రం సెకనులో ఐదో వంతు పడుతుంది. అందుకని టవర్‌ని అంతసేపు ఆపి వదులుతాం. ఇంకో నూరో వంతు సెకను కలిపితే పాట స్టేజి మీద నుంచే వస్తున్నట్టు ఉంటుంది. వేడిగాలిలో శబ్దం కాస్త వేగంగా పోతుంది కాబట్టి, సాయంత్రం చల్లబడితే లెక్క మళ్లీ సరిచూస్తాను.

ఇదంతా ఎందుకు రాశానంటే, మన పందిట్లో సందు చివర కూర్చున్నవాళ్లకి హరికథలో ప్రతి మాటా రెండుసార్లు వినపడేది. మీరు పాపం వాల్యూం పెంచీ తగ్గించీ, గొట్టాలు అటూ ఇటూ తిప్పీ ఎంత అవస్థ పడ్డారో నాకు గుర్తుంది. లోపం మీ చేతిలో లేదు నాన్నగారూ, దూరంలో ఉంది. తమ్ముడు కొన్న డిజిటల్ మిక్సర్లో అవుట్‌పుట్ డిలే ఉంది, అంటే శబ్దాన్ని కాసేపు ఆపి వదిలే ఏర్పాటు. వెనక బాక్సులకి వేరే లైను లాగి అది పెడితే చాలు.

చెవుల్లో పెట్టుకునే ప్లగ్గులు పంపుతున్నాను. ఇక్కడ మేమెవరం అవి లేకుండా స్పీకర్ల దగ్గర నిలబడం. మన కుర్రాళ్లకి వద్దన్నా పెట్టించండి. మీరు ఎడమ చెవితో ఫోను వినడం మానేశారని అమ్మ చెప్పింది. దసరా దాకా ఆగకుండా సూర్యారావుపేటలో డాక్టరుకి చూపించుకోండి. డబ్బు గురించి ఆలోచించొద్దు.

పందిరి వేశాక స్టేజి దగ్గర బాక్సు నుంచి సందులో బాక్సు దాకా తమ్ముడితో టేపు పెట్టి కొలిపించండి. ఎన్ని మీటర్లో చెబితే లెక్క కట్టి ఆ రోజే పంపిస్తాను.

ఇట్లు,
మీ పెద్దవాడు