ఎవరి పోలిక అని అడిగితే

ఒరే రాంబాబూ,

సంక్రాంతికి అమ్మాయీ అల్లుడూ పిల్లల్ని తీసుకుని తెనాలి వస్తున్నారని చెప్పినప్పుడు నీ గొంతులో సంతోషం ఎంతుందో కంగారూ అంతే ఉంది. “పిల్లలు ఎవరి పోలిక అని బజార్లో ఎవడో ఒకడు అడుగుతాడ్రా, ఏం చెప్పాలి?” అన్నావు. ఒకడేంట్రా, బజారంతా అడుగుతుంది. ఫోన్లో తెమిలే సంగతి కాదు కనక రాస్తున్నా. చదివాక చెల్లెమ్మకి కూడా ఇయ్యి, తల దువ్వే సంగతి ఆవిడ కోసమే.

ముందు మాటల దగ్గర మొదలెడదాం. తల్లిది ఒక జాతి, తండ్రిది ఒక జాతి అయిన పిల్లలకి మన భాషలో మర్యాదైన మాట లేదు. ‘సంకరం’ అనేది ఆవులకీ విత్తనాలకీ వాడతాం, మనిషినంటే తిట్టు. ‘సగం మన పిల్ల’ అనేది ముద్దుగా అంటారు గానీ ఆరేళ్ళ పిల్ల చెవికి అది ‘పూర్తిగా మన పిల్ల కాదు’ అని వినిపిస్తుంది. లీల మీకు పూర్తి మనవరాలు, చికాగోలో ఉన్న మీ వియ్యపురాలికీ పూర్తి మనవరాలే. ఎవరైనా అడిగితే “వాళ్ళమ్మ తెలుగు, నాన్న ఆఫ్రికన్ అమెరికన్, చికాగో వాళ్ళు” అని పక్కింటాయన ఉద్యోగం చెప్పినంత మామూలుగా చెప్పు. గొంతు తగ్గించావో, అక్కడేదో దాచాల్సింది ఉందని పిల్లకి అర్థమైపోతుంది. మనవాళ్ళు వాడే ‘నల్లోళ్ళు’, పాతకాలం ‘నీగ్రో’ ఇంట్లో ఎవరి నోటా రాకుండా చూడు. రెండోది అల్లుడికి తెలుగు రాకపోయినా అర్థమవుతుంది.

ఇంకో మాట ఉంది, చిన్నదే, దాని జోలికి ఎవరూ పోరు. “నల్లగా ఉన్నా కళగా ఉంది” అంటారు చూడు, అందులో ‘ఉన్నా’. ఆ రెండక్షరాలే దెబ్బ కొట్టేది. “కళగా ఉంది” అని ఊరుకుంటే ఎంత హాయి! “కృష్ణుడి రంగు” కూడా వద్దు. పొగడ్తే గానీ పిల్లని చూడగానే రంగే కనబడిందని ఒప్పుకోవడం అది. మీ చుట్టాల్లో గట్టిగా మాట్లాడేవాళ్ళు ముగ్గురో నలుగురో ఉంటారు కదా, వాళ్ళకి పండక్కి వారం ముందే ఫోన్ చేసి చెప్పు. పదిమందిలో సర్దిచెబితే వాళ్ళకీ చిన్నతనం, పిల్లకీ చిన్నతనం.

మనకో గొప్ప వసతి ఉంది, దాన్ని వాడుకో. మన వరసలకి రంగుతో పనిలేదు. అల్లుడి చెల్లెలు లీలకి మేనత్త, వాళ్ళమ్మ నాయనమ్మ, అన్న పెదనాన్న. ఆ పిలుపులు పిల్లకి ఇప్పుడే నేర్పించండి. ఆల్బమ్ ముందేసుకుని “ఇది మీ మేనత్త” అని మీరే అంటే ఆవిడ ఎవరో పరాయి మనిషన్న ఊసే పుట్టదు.

అల్లుణ్ణి అడిగే ప్రశ్నల సంగతికొద్దాం. “మీదే ఊరు, ఇంటిపేరేంటి, మీవాళ్ళెవరు?” అని మనం ఆరాలు తీసేది చాలాసార్లు కులం పట్టుకోవడానికే, ఒప్పుకో. అడిగేది ఊరు, వెతికేది గడి. ఆ అలవాటుతోనే “మీ పూర్వీకులు ఆఫ్రికాలో ఏ దేశం?” అని అడిగేస్తావేమో, ఆగు. ఆ ప్రశ్నకి అతని దగ్గర జవాబు ఉండకపోవచ్చు, లేకపోవడానికి కారణం ఉంది. 1850, 1860 అమెరికా జనాభా లెక్కల్లో బానిసల్ని యజమాని పేరు కింద వయసు, ఆడా మగా, రంగు మాత్రమే వేసి రాశారు, దాదాపు అందరికీ పేర్లు లేవు. ఆ జనంలో ఎక్కువమంది పేర్లు జనాభా లెక్కలకెక్కింది 1870లోనే. అందుకే తాతల్ని వెతుక్కుంటూ వెళ్ళేవాళ్ళు 1870 దగ్గర గోడకి కొట్టుకున్నట్టు ఆగిపోతారు. తర్పణాలకి మూడు తరాల పేర్లు చెప్పమంటేనే మనం తడుముకుంటాం, వాళ్ళ దగ్గర్నించి ఆ పేర్లు లాక్కున్నారు.

అందుకని దగ్గర తరం నించి అడుగు. “మీ తాతగారు చికాగో ఎప్పుడొచ్చారు? అంతకుముందు ఎక్కడుండేవారు? ఏం పని చేసేవారు?” 1910 నించి 1970 దాకా అమెరికా దక్షిణాది రాష్ట్రాల నించి దాదాపు 60 లక్షలమంది నల్లజాతివాళ్ళు ఉత్తరాదికీ పడమరకీ వలసపోయారు. చికాగో కుటుంబాల్లో చాలావాటికి మిసిసిపీలోనో ఆ చుట్టుపక్కలో వేర్లుంటాయి, రైలెక్కి వచ్చినవాళ్ళు. అక్కడ నించి కథ దానంతటదే నడుస్తుంది. ఒకటి మాత్రం గుర్తుపెట్టుకో: ముందు నీ కథ చెప్పి తర్వాత అతన్ని అడుగు. మీ తాత ఏ ఊరు నించి తెనాలి ఎందుకొచ్చాడో చెప్పు. అప్పుడది విచారణలా ఉండదు, కబుర్లలా ఉంటుంది. చెప్పలేదంటే ఊరుకో.

అతనికి చూపించడానికి మన దగ్గరా సరుకుంది. హైదరాబాదు మీదుగా వస్తున్నారు కాబట్టి ఏసీ గార్డ్స్ వైపు తీసుకెళ్ళు. ఏసీ అంటే ఎయిర్ కండిషన్ అనుకునేవాళ్ళున్నారు, అది ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్, నిజాం కొలువులోని ఆఫ్రికా అశ్వికదళం. వాళ్ళ వారసులు సిద్దీలు ఇప్పటికీ ఆ వాడలో ఉన్నారు. పెళ్ళి ఊరేగింపుల్లో మోగే మర్ఫా వాయిద్యంలో వాళ్ళ పాలుంది. దార్లోనే కోఠీలో ఒకప్పటి మహిళా కళాశాల, పాత బ్రిటిష్ రెసిడెన్సీ భవనం. దాన్ని కట్టించిన బ్రిటిష్ రెసిడెంటు కర్క్‌పాట్రిక్ హైదరాబాదు అమ్మాయి ఖైరున్నీసాని పెళ్ళాడాడు. ఇద్దరు పిల్లలు, సాహిబ్ ఆలమ్, సాహిబ్ బేగం. 1805లో వాళ్ళని ఇంగ్లండు పంపించి పేర్లు విలియం, కేథరిన్ అని మార్చేశారు. తల్లి వాళ్ళని మళ్ళీ చూడలేదు. ఒకవైపు పేరు తుడిచేస్తే ఏమవుతుందో అదిగో.

లీల తమ్ముడికి పేరింకా ఖాయం చెయ్యలేదన్నావు కదా. పాస్‌పోర్టు పేరు రెండు వైపుల ముసలమ్మలూ అవలీలగా పలికేది పెట్టమను. లీల, మాయ, నీల్ లాంటివి ఎటైనా సాగుతాయి. ళ, ణ, ఒత్తు ధ, ఒత్తు భ ఉన్న పేర్లు అక్కడ మొదటిరోజు క్లాసులోనే నలిగిపోతాయి. నీకు ముచ్చటగా ఉన్న పొడుగు పేరు నడిమి పేరుగా పెట్టుకోవచ్చు. స్పెల్లింగు మాత్రం బర్త్ సర్టిఫికెట్లో, పాస్‌పోర్టులో, ఓసీఐ (మన దేశానికి వీసా లేకుండా వచ్చిపోయే కార్డు) దరఖాస్తులో ఒక్క అక్షరం తేడా ఉండకూడదు. దరఖాస్తులు తల్లి పేరు దగ్గర తగులుకోవచ్చు: పాత ఇండియన్ పాస్‌పోర్టులో పుట్టింటి ఇంటిపేరుతో ఉంటుంది, బర్త్ సర్టిఫికెట్లో భర్త ఇంటిపేరుతో ఉంటుంది. రెంటినీ కలిపే మ్యారేజ్ సర్టిఫికెట్ జతచెయ్యాలి. తల్లిదండ్రులిద్దరి సంతకాలూ కావాలి. అల్లుడికి ఓసీఐ రావాలంటే పెళ్ళి రిజిస్టరై రెండేళ్ళు నిండి ఉండాలి, వాళ్ళకి ఎప్పుడో నిండాయి. ఈసారికి బాబుకి ఈ-వీసా చాలు, టిక్కెట్లు కొన్నాక ఆలస్యం చెయ్యొద్దను.

బళ్ళో ఇచ్చే ఫారం గురించి అడిగావు, జాతి అన్నచోట ఏ గడిలో టిక్కు పెట్టారని. రెండు గడుల్లోనూ పెట్టొచ్చురా. అమెరికా జనాభా లెక్కల్లో 2000కి ముందు ఏదో ఒకటే ఎంచుకోమనేవాళ్ళు, అప్పణ్ణించీ ఎన్నయినా పెట్టుకోవచ్చు. ఆ ఏడు 68 లక్షలమంది ఒకటికి మించి పెట్టారు, 2020కి 3 కోట్ల 38 లక్షలు. అంతమంది కొత్తగా పుట్టారని కాదు, ప్రశ్న అడిగే తీరూ జవాబుల్ని లెక్కించే తీరూ మారాయి, అది కూడా కలుపుకోవాలి. మనవాళ్ళ గడి కథ ఇంకా తమాషా: 1970లో ఇండియా వాళ్ళని తెల్లవాళ్ళలో కలిపారు, 1980లో ‘ఏషియన్ ఇండియన్’ అని వేరే గడి ఇచ్చారు. రెండు గడులు నింపిన పిల్లల్ని బడి పైకి పంపే లెక్కలో ‘రెండు లేక అంతకుమించి జాతులు’ అని వేస్తుంది. ఖాళీగా వదిలేస్తేనే ఇబ్బంది, చివరికి బడివాళ్ళే పిల్లని చూసి వాళ్ళకి తోచింది రాసుకోవచ్చు. అందుకని నింపమను.

అల్లుడు పూర్వీకుల మూలాలు చెప్పే డీఎన్ఏ పరీక్ష, ఉమ్మితో చేసేది, చేయించుకుంటాడట, మిమ్మల్నీ చేయించుకోమంటున్నాడట. చేయించుకుంటే తప్పేం లేదు, ఏం వస్తుందో తెలిసుంటే చాలు. అరగంట ముందు నించి ఏమీ తినకుండా తాగకుండా ఉండి గొట్టంలో గీత దాకా ఉమ్మాలి, నురగ లెక్కలోకి రాదు. ఫలితం కొన్ని వారాలకొస్తుంది. నీకు ‘దక్షిణ భారతం’ అని వస్తుంది, అంతే. గోత్రం చెప్పదు, కులం చెప్పదు. ఆ శాతాలు కూడా కంపెనీ దగ్గరున్న నమూనాలతో పోల్చి వేసిన అంచనాలు, నమూనాలు పెరిగితే మారతాయి. పిల్లలకి అమ్మ నించి సగం, నాన్న నించి సగం వస్తుందన్నది ఖాయం. తాతల నించి మాత్రం సరిగ్గా పావు రాదు, ఒకరి నించి ఎక్కువ, ఒకరి నించి తక్కువ. లీలకీ తమ్ముడికీ కూడా వేరువేరుగా వస్తుంది, జుట్టూ రంగూ వేరుగా ఉన్నా ఆశ్చర్యపోకు. అల్లుడి ఫలితంలో యూరప్ వాటా కనబడొచ్చు. దాని వెనక చాలా కుటుంబాల్లో బానిసత్వకాలపు బలాత్కారాలున్నాయి, భోజనాల దగ్గర నవ్వుతూ ఎత్తే విషయం కాదు. డబ్బు ఒక్క కిట్టుకే ఉంటే వియ్యపురాలికి చేయించమను, పై తరం దగ్గర సమాచారం ఎక్కువ. పిల్లలకి మాత్రం వద్దు, పెద్దయ్యాక వాళ్ళే తేల్చుకుంటారు.

ఇక తల. చెల్లెమ్మా, మీ సన్నపళ్ళ దువ్వెన బీరువాలో పెట్టేయండి. లీల జుట్టు స్ప్రింగులా మెలి తిరిగి ఉంటుంది. మాడు మీద ఊరే నూనె ఆ మెలికలు దాటి కొసల దాకా పోలేదు, అందుకే ఎప్పుడూ పొడిగా ఉంటుంది, ప్రతి మెలిక దగ్గరా బలహీనం. పొడిగా ఉండగా పైనించి కిందికి దువ్వితే చిక్కు విడదు, వెంట్రుక తెగుతుంది, పిల్ల ఏడుస్తుంది. వారానికి ఒక్కసారి తలంటితే చాలు. కుంకుడుకాయ, శీకాయ వద్దు, ఇంకా ఎండగడతాయి. తడిపి, కండిషనర్ దండిగా పట్టించి, జుట్టుని నాలుగు పాయలు చేసి మూడింటిని క్లిప్పులతో పైకి పెట్టండి. ఒక్కో పాయ వేళ్ళతోనూ వెడల్పు పళ్ళ దువ్వెనతోనూ కొసల నించి మొదలెట్టి పైకి రండి. కడిగాక, తడి ఆరకముందే ఒక చెంచా కొబ్బరినూనె అరచేతుల్లో రాసుకుని అద్దండి. పొడి జుట్టుకి నూనె పట్టిస్తే జిడ్డే మిగులుతుంది, తేమ రాదు. గంటా గంటన్నర పడుతుంది, ఓ కథ సిద్ధంగా పెట్టుకోండి. తర్వాత రెండు జడలు వేసి పూలు పెట్టొచ్చు, బ్రహ్మాండంగా ఉంటుంది. పిన్నులు రాత్రికి తీసేసి, శాటిన్ గలీబు వేసిన దిండు మీద పడుకోబెట్టండి, నూలుబట్ట తేమ లాగేస్తుంది. ఊళ్ళోవాళ్ళు ఆ జుట్టు పట్టుకుని చూడబోతారు. “అడిగి ముట్టుకోండి” అని మీరే అడ్డం పడాలి.

బాబుకి నడుం కింద నీలి మచ్చలుంటే దెబ్బలనుకుని గోల చెయ్యకండి. మన పిల్లల్లోనూ ఆఫ్రికా మూలాల పిల్లల్లోనూ అవి మామూలే, కొన్నేళ్ళలో పోతాయి. అక్కడి డాక్టరు చేత రికార్డులో రాయించమని అమ్మాయికి చెప్పు, లేకపోతే క్రెష్‌లో ఎవరో కొట్టారనుకునే ప్రమాదముంది. రంగు తేలడానికని సున్నిపిండి నలుగు పెడతామంటే మాత్రం ఒప్పుకోకు.

లీల ఒకరోజు “నేను తెలుగు” అంటుంది, ఇంకోరోజు “నేను బ్లాక్” అంటుంది. రెండూ నిజాలే, దిద్దకు, నొచ్చుకోకు.

భోగిపళ్ళు ఇద్దరికీ పొయ్యాలని నువ్వనుకుంటున్నావు, తెలుసు. పొయ్యి. రేగుపళ్ళు జారిపోతాయి గానీ పూరేకులూ నానిన శెనగలూ ఆ ఉంగరాల జుట్టులో చిక్కుకుంటాయి, తడిపి తియ్యాలి. చిల్లర బిళ్ళలు లెక్కపెట్టి పొయ్యండి, లెక్కపెట్టి ఏరండి, బాబు ఒకటి నోట్లో పెట్టుకున్నా తెలియదు.

నీ
మూర్తి